ఒక లైసెన్సు, ఎన్ని సిస్టమ్‌లు?

తెనాలిలో ఎరువుల కొట్టు నడిపే పెద్దాయన ఒకరు నాకు బాగా దగ్గర. చుట్టరికం లేకపోయినా బాబాయ్ అనే పిలుస్తాను. కొట్లో సిస్టమ్ పాతబడి, బిల్లు కొట్టమంటే అర నిమిషం ఆగి గానీ కదిలేది కాదు. కొత్తది కొన్నారు. పాతది మనవడికి ఇస్తానన్నారు. నేను వెళ్లింది ఆ నెల 19వ తేదీ సాయంత్రం. మర్నాడు 20, ఆయన జీఎస్టీ రిటర్ను వేయడానికి ఆఖరి రోజు.

ముందు డేటా అంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. రెండుసార్లు తెరిచి సరిచూసుకున్నాను. మనవడు పక్కనే నిలబడి ఆశగా చూస్తున్నాడు. వాడి ముఖం చూసి పాత సిస్టమ్‌ను అక్కడికక్కడే ఫార్మాట్ చేసేశాను. తర్వాత కొత్తదాంట్లో అకౌంట్ల ప్రోగ్రాము ఎక్కించి సీరియల్ నంబరు కొట్టాను. ఈ లైసెన్సు మరో కంప్యూటర్‌లో వాడుకలో ఉందని తెర మీద వచ్చింది.

ఆ మరో కంప్యూటర్ నా కాళ్ల దగ్గరే ఉంది. దాంట్లో ఇప్పుడు ఏమీ లేదు.

"అదేంట్రా? డబ్బు కట్టి కొన్నదే కదా. నా కొట్లో ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదికి మార్చుకోవడానికి ఎవరినడగాలి?" అన్నారు బాబాయ్.

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. జవాబు నాకు తెలుసు. ఆ పూట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఎందుకంటే తప్పు ప్రోగ్రాముది కాదు, దాన్ని తయారుచేసినవాళ్లదీ కాదు. పాత సిస్టమ్‌లో లైసెన్సును సరెండర్ చేసి, అంటే కంపెనీకి వెనక్కి ఇచ్చి, అది ఖాళీ అయిందని చూసుకున్నాకే ఫార్మాట్ చేయాలి. నేను వరస తప్పాను.

గట్టెక్కించింది ఒక కాగితం. బాబాయ్ బల్ల చివర ఇనుప చువ్వ ఒకటి ఉంటుంది. వచ్చిన ప్రతి బిల్లూ దానికి గుచ్చుతారు. ఏడాది తిరగగానే ఆ బిల్లులన్నీ పురికొసతో కట్ట కట్టి, అట్టముక్క మీద సంవత్సరం రాసి అటకెక్కిస్తారు. రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటు పట్టుకుని నిచ్చెనెక్కి, మూడేళ్ల కిందటి కట్ట దించాం. మధ్యలో చిల్లుపడిన ఆ బిల్లు మీద సీరియల్ నంబరూ ఉంది, రిజిస్టర్ చేసిన ఈమెయిలూ ఉంది. పొద్దున్నే ఫోన్ చేసి ఆ వివరాలు చెబితే, అవతలివాళ్లు పాత సిస్టమ్ ముడి విప్పారు. మధ్యాహ్నానికి కొత్తదాంట్లో యాక్టివేట్ అయింది. సాయంత్రంలోగా రిటర్ను వేసేశాం.

ఆ రాత్రి బాబాయ్ అడిగిన ప్రశ్నకు నిదానంగా, పూర్తిగా చెప్పాల్సిన జవాబే ఈ అధ్యాయం. ఒకటికి మించి కంప్యూటర్లున్న ఇల్లు గానీ, కొట్టు గానీ, ఆఫీసు గానీ మీదైతే ఈ జవాబు మీక్కూడా అవసరమే.

పొలం కొనలేదు, కౌలుకు తీసుకున్నాం

మన తికమకంతా 'కొన్నాను' అనే మాటలో ఉంది. కుర్చీ కొంటే కుర్చీ మనది. ఏ గదిలోనైనా వేసుకుంటాం, ఎవరికైనా ఇచ్చేస్తాం. ప్రోగ్రాము అలాంటిది కాదు. మనం డబ్బు కట్టి తెచ్చుకునేది దాన్ని వాడుకునే అనుమతి. ఆ అనుమతి పేరే లైసెన్సు.

మన ఊళ్లలో దీనికి దగ్గరగా ఉన్నది కౌలు. కౌలు రైతు పొలం దున్నుతాడు, పంట వేస్తాడు, పండింది ఇంటికి తెచ్చుకుంటాడు. పొలం మాత్రం ఆయనది కాదు. ఎన్నెకరాలు, ఎన్నాళ్లు, మరొకరికి ఇవ్వొచ్చా లేదా అన్నవి ముందే మాట్లాడుకున్న షరతులు. రెండెకరాలకు కౌలు కట్టి, గట్టు దాటి మూడో ఎకరం దున్నితే ఎవరూ ఒప్పుకోరు. ఒక సిస్టమ్‌కు డబ్బు కట్టి మూడింటిలో ఎక్కించడం కూడా గట్టు దాటడమే. అయితే ఇక్కడ గట్టు కంటికి కనబడదు. అది చదివితేనే తెలుస్తుంది.

మన దేశంలో దీని వెనక చట్టం ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలోనే ఉంచుతుంది. నవల రాసినవారికి నవల మీద హక్కు ఉన్నట్టే, ప్రోగ్రాము రాసినవారికి దాని మీద హక్కు ఉంటుంది. ఆ చట్టమే వాడుకునేవారికీ ఒక భరోసా ఇచ్చింది. న్యాయంగా సంపాదించుకున్న ప్రోగ్రాము పాడైపోతుందేమోనన్న జాగ్రత్త కోసం బ్యాకప్ కాపీ తీసి ఉంచుకోవచ్చు. ఆ కాపీని దాచుకోవడం మన హక్కు. దాంతో మరో సిస్టమ్ నడపడం ఆ హక్కులోకి రాదు.

ఒకప్పుడు సీడీ ఒకటి కొంటే వీధి మొత్తం తిరిగేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో యాక్టివేషన్ అనే పద్ధతి ఇంటింటికీ తెలిసింది. ప్రోగ్రాము ఎక్కించగానే అది మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్‌లాంటి భాగాలను చూసి ఆ కంప్యూటర్‌కు ఒక గుర్తు కట్టుకుంటుంది. ఆ గుర్తును, మనం కొట్టిన కీని కలిపి కంపెనీ సర్వర్‌లో నమోదు చేస్తుంది. అదే కీ మరో గుర్తుతో వస్తే ఆపుతుంది. బాబాయ్ కొట్లో ఆ రాత్రి జరిగింది ఇలాంటిదే. సిస్టమ్‌ను నేను తుడిచేశాను గానీ, సర్వర్‌లో ఉన్న నమోదు అలాగే ఉండిపోయింది.

మూడు వేర్వేరు పనులు

లైసెన్సు షరతుల్లో మూడు మాటలు పక్కపక్కనే వస్తాయి. ఎక్కించడం, యాక్టివేట్ చేయడం, వాడడం. మనం మూడింటినీ ఒకటే అనుకుంటాం. కంపెనీలు మాత్రం మూడింటికీ విడివిడిగా లెక్క కడతాయి.

అడోబీ క్రియేటివ్ క్లౌడ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకరి పేరున తీసుకున్న చందాతో ఫొటోషాప్‌ను రెండుకు మించిన సిస్టమ్‌లలో ఎక్కించుకోవచ్చు. యాక్టివేట్ అయి ఉండేది మాత్రం రెండింటిలోనే. మూడోదాంట్లో సైన్ ఇన్ చేయబోతే, పాతవాటిలో ఒకదాన్నుంచి సైన్ అవుట్ చేయమంటుంది. ఆ రెండు సిస్టమ్‌లూ ఒకే మనిషి సౌకర్యం కోసం. స్టూడియోలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకోవచ్చు గానీ, ఒకే చందా మీద ఇద్దరు కుర్రాళ్లు రెండు సిస్టమ్‌ల ముందు కూర్చుని ఒకేసారి ఆల్బమ్‌లు డిజైన్ చేయకూడదు.

ఆటోడెస్క్ షరతూ ఇలాంటిదే. ఆటోక్యాడ్ చందా ఒక మనిషి పేరున ఉంటుంది. ఆయన మూడు సిస్టమ్‌ల దాకా ఎక్కించుకోవచ్చు. ఏ సమయంలోనైనా పని చేయాల్సింది ఒక్కదాంట్లోనే, చేయాల్సింది ఆయనే.

అందుకే "ఎన్నింటిలో వేసుకోవచ్చు?" అని అడిగితే సగమే తెలుస్తుంది. ఎన్నింటిలో ఎక్కించవచ్చు, ఎన్నింటిలో యాక్టివేట్ అయి ఉండవచ్చు, ఒకేసారి ఎన్నింటిలో వాడవచ్చు అని మూడు ప్రశ్నలుగా అడగండి.

దేన్ని లెక్కపెడుతున్నారు?

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే, ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. ప్రతి లైసెన్సూ ఏదో ఒకదాన్ని లెక్కపెడుతుంది. అది దేన్ని లెక్కపెడుతోందో తెలిస్తే మిగతా షరతులు వాటంతటవే అర్థమవుతాయి. సాధారణంగా లెక్కపెట్టేవి నాలుగు.

మొదటిది యంత్రం. ఒక లైసెన్సు, ఒక కంప్యూటర్. దాని ముందు ఎవరు కూర్చున్నా పట్టింపు లేదు. ఒకేసారి డబ్బు కట్టి కొనే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2024 ఈ కోవలోది, ఒక పీసీకో ఒక మ్యాక్‌కో మాత్రమే. యాంటీవైరస్ ప్యాకెట్లూ ఇంతే. ఇక్కడ ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ప్యాకెట్ మీద '1 యూజర్', '3 యూజర్లు' అని ఉంటుంది. యూజర్ అంటే మనిషి అనుకుని, నేనొక్కణ్ణేగా అని ఒకటి కొని రెండు సిస్టమ్‌లలో వేయబోతారు. యాంటీవైరస్ ప్యాకెట్ల భాషలో యూజర్ అంటే సాధారణంగా సిస్టమ్. ముగ్గురు కలిసి వాడే ఒక్క సిస్టమ్‌కు 1 యూజర్ ప్యాకెట్ సరిపోతుంది. ఒక్కరే వాడే మూడు సిస్టమ్‌లకు 3 యూజర్ల ప్యాకెట్ కావాలి.

రెండోది మనిషి. ఇది ఆర్టీసీ నెల పాసులాంటిది. పాసు మీద మీ ఫొటో ఉంటుంది. ఏ బస్సు ఎక్కినా ఫరవాలేదు, ఎక్కేది మీరే కావాలి. మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ చందా ఒక మనిషికి. ఆ మనిషి ఫోన్లు, ట్యాబ్‌లతో కలిపి ఒకేసారి అయిదు పరికరాల్లో సైన్ ఇన్ అయి ఉండవచ్చు. అదే ఫ్యామిలీ చందా అయితే ఆరుగురి దాకా పంచుకోవచ్చు, ఒక్కొక్కరికీ అయిదేసి పరికరాలు. పాసు మనదే కదా అని మన ఐడీ, పాస్‌వర్డ్ పక్కింటివాళ్లకు ఇవ్వడం ఈ కోవలో పనికిరాదు.

మూడోది ఏకకాలంలో వాడేవారి సంఖ్య. ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకానికి మూడు ప్రతులున్నాయనుకోండి. సభ్యులు వందమంది ఉండొచ్చు, ఎవరైనా తీసుకెళ్లొచ్చు. ఒక సమయంలో ముగ్గురి దగ్గరే ఉంటుంది, నాలుగోవారు ఎవరో తిరిగిచ్చేదాకా ఆగాలి. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఈ పద్ధతి ఎక్కువ. ప్రోగ్రాము అన్ని సిస్టమ్‌లలోనూ ఎక్కించి ఉంటుంది. లైసెన్సు సర్వర్ మాత్రం ఒప్పుకున్న సంఖ్య వరకే తెరవనిస్తుంది. ఒకరు మూసేస్తే మరొకరికి దారి దొరుకుతుంది.

నాలుగోది చోటు. ఒక ఆఫీసు, ఒక క్యాంపస్, ఒక నెట్‌వర్క్. మన వ్యాపారులందరికీ తెలిసిన టాలీప్రైమ్‌నే తీసుకోండి. సిల్వర్ అంటే ఒక సిస్టమ్‌లో ఒకరికి. గోల్డ్ అంటే ఒకే లాన్‌లో, అంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న సిస్టమ్‌లన్నింటికీ, ఎంతమందికైనా. గుమాస్తా ఒక్కరే ఉన్న కొట్టుకు గోల్డ్ అక్కర్లేదు. కౌంటర్ మీద ఒకరు బిల్లులు కొడుతుంటే లోపల మరొకరు ఖాతాలు రాసే చోట సిల్వర్ చాలదు. రెండింటిలో ఏది కావాలో ధర చూసి తేల్చుకునేవారే ఎక్కువ. మీ కొట్లో ఒకేసారి ఎంతమంది కూర్చుంటారో లెక్కపెట్టి తేల్చుకోవాలి.

వీటన్నింటికీ పక్కన మరో షరతు ఉంటుంది, ఏ పనికి వాడుతున్నారని. టీమ్‌వ్యూయర్ సొంత పనికి ఉచితం, వ్యాపారానికి కాదు. ఆఫీస్ 2021లో 'హోమ్ అండ్ స్టూడెంట్' అని ఉన్నది ఇంటి పనికీ చదువుకూ ఇచ్చింది. ల్యాప్‌టాప్‌తో పాటు అది ఉచితంగా వచ్చింది కదా అని కొట్టు కొటేషన్లు దాంట్లో తయారుచేస్తుంటే, ఒకే సిస్టమ్‌లో ఉన్నా షరతు దాటినట్టే. అంకె సరిపోయినంత మాత్రాన లైసెన్సు సరిపోయినట్టు కాదు.

విండోస్ ఎవరిది?

అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. "పాత ల్యాప్‌టాప్ పోయింది. అందులోని విండోస్‌ను కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చా?"

మన ఇళ్లలో ఉండేవి రెండు రకాలు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే విండోస్‌ను ఓఈఎం అంటారు. అది పొలంలో తవ్విన బావిలాంటిది. పొలం అమ్మితే బావి కూడా పొలంతోనే వెళుతుంది, పెకలించుకుని కొత్త పొలానికి తీసుకుపోలేం. ఆ ల్యాప్‌టాప్‌ను ఎవరికైనా ఇచ్చేస్తే విండోస్ దాంతో పాటే వెళుతుంది. ల్యాప్‌టాప్ పనికిరాకుండా పోతే విండోస్ కూడా అక్కడితో సరి.

విడిగా డబ్బు పెట్టి కొన్నది రిటైల్. అది పొలం గట్టున దించుకున్న ఆయిల్ ఇంజను లాంటిది. ఒక సమయంలో ఒక్క పొలానికే నీళ్లు తోడుతుంది గానీ, కావాలనుకుంటే విప్పి మరో చోట బిగించుకోవచ్చు. పాత సిస్టమ్‌లోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు. రెండింటిలోనూ ఉంచకూడదు. సిస్టమ్ అసెంబుల్ చేయించుకునేవారు ఈ తేడాను కొనేటప్పుడే అడగాలి. మదర్‌బోర్డు మారిస్తే విండోస్ దృష్టిలో అది దాదాపు కొత్త సిస్టమ్ కిందే లెక్క. కాబట్టి నాలుగేళ్లకోసారి భాగాలు మార్చుకునే అలవాటు ఉన్నవారికి ముందు కాస్త ఎక్కువైనా రిటైల్ మేలు.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న దారి ఉంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషులో ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అనే అయిదు అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దాన్నానుకుని డీ, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఓఈఎం, రిటైల్, వాల్యూమ్ (పెద్ద సంస్థలకు ఇచ్చేది) అనే మూడింటిలో ఒక మాట కనబడుతుంది. ఒక్క జాగ్రత్త. విండోస్‌తో పాటు వచ్చిన ల్యాప్‌టాప్‌ను తర్వాత ఉచితంగా కొత్త వెర్షన్‌కు మార్చి ఉంటే, అక్కడ రిటైల్ అని కనిపించినా అది ఆ ల్యాప్‌టాప్‌తో ముడిపడినదే. అనుమానం వస్తే కొన్న బిల్లు చూసి తేల్చుకోండి.

ఒక ఇంటి లెక్క వేద్దాం

నలుగురున్న ఇల్లు అనుకుందాం. నాన్నగారికి హాల్లో డెస్క్‌టాప్ ఉంది. అమ్మగారు టీచర్, ఆవిడకు ల్యాప్‌టాప్ ఉంది. అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ చదువుతూ తన ల్యాప్‌టాప్ వెంట ఉంచుకుంది. అబ్బాయి ఇంటర్, నాన్నగారి డెస్క్‌టాప్ మీదే నెట్టుకొస్తున్నాడు. మనుషులు నలుగురు, సిస్టమ్‌లు మూడు.

యాంటీవైరస్ సిస్టమ్‌లను లెక్కపెడుతుంది కాబట్టి మూడింటి ప్యాకెట్ తీసుకోవాలి. ఆఫీస్‌కు రెండు దారులున్నాయి. ఒకేసారి డబ్బు కట్టేది తీసుకుంటే సిస్టమ్‌ల లెక్కన మూడు కావాలి. చందా అయితే మనుషుల లెక్క, ఆరుగురి దాకా పనికొచ్చే ఒక్క ఫ్యామిలీ చందా నలుగురికీ సరిపోతుంది. అమ్మాయి చదివే కాలేజీ విద్యార్థులకు ఆఫీస్ ఇస్తోందేమో ముందే కనుక్కోవాలి. ఇస్తుంటే ఆమెకు విడిగా అక్కర్లేదు. అమ్మగారు రాసేది ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలే అయితే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ చాలు. ఇంతా కలిపి పది నిమిషాల పని. మనుషులు ఎందరు, సిస్టమ్‌లు ఎన్ని అని రెండు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసుకోకపోవడం వల్లే చాలా ఇళ్లలో ఒకటికి రెండుసార్లు కొంటారు, లేదా ఒకటి కొని మూడింటిలో వేయబోయి భంగపడతారు.

సిస్టమ్ మార్చేటప్పుడు వరస

నేను తప్పిన వరసను మీరు తప్పకూడదని దీన్ని అంకెలు వేసి రాస్తున్నాను.

1. పాత సిస్టమ్‌లో డబ్బు కట్టి కొన్న ప్రోగ్రాములన్నీ ఒక కాగితం మీద రాయండి.

2. ఒక్కోదానికీ సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్, ఫోన్ నంబరు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ ఈమెయిల్ ఇప్పటికీ తెరుచుకుంటోందా? ఉద్యోగం మానేసిన గుమాస్తా పేరున ఉందా? ఈ దశలోనే తేల్చుకోవాలి.

3. డేటా బ్యాకప్ తీసి, మరో సిస్టమ్‌లో తెరిచి చూడండి.

4. పాతదాంట్లో నెట్ ఉండగానే ఒక్కో ప్రోగ్రాములోంచి లైసెన్సును వదిలించండి. కొన్నింట్లో దాన్ని సరెండర్ అంటారు, కొన్నింట్లో డీయాక్టివేట్, కొన్నింట్లో సైన్ అవుట్. మాట ఏదైనా పని ఒకటే. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే లైసెన్సు అన్నింట్లోనూ వెనక్కి రాదు.

5. కొత్తదాంట్లో ఎక్కించి, యాక్టివేట్ చేసి, ఒక బిల్లు కొట్టి చూడండి.

6. ఇవన్నీ అయ్యాక, కనీసం రెండు రోజులు ఆగి, అప్పుడే పాతదాన్ని ఫార్మాట్ చేయండి.

నెలాఖరున, రిటర్నుల గడువు ముందు, పరీక్షల వారంలో సిస్టమ్ మార్చే పని పెట్టుకోకండి. పాతది హఠాత్తుగా పాడైతే సరెండర్ చేసే అవకాశమే ఉండదు. అప్పుడు కంపెనీవాళ్లకు ఫోన్ చేసి మొహమాటపడకుండా జరిగింది చెప్పండి. పాత సిస్టమ్‌ను తమవైపు నుంచి తొలగించే వీలు చాలా కంపెనీల దగ్గర ఉంటుంది. వాళ్లడిగేది ఒక్కటే, కొన్నది మీరేనని చూపించే కాగితం.

చౌక కీలు, క్రాకులు

మూడు, నాలుగు వందలకే విండోస్ కీ అని నెట్‌లో అమ్ముతుంటారు. అది ఎక్కడిదో ఆలోచించాలి. పెద్ద సంస్థలకు వందల సిస్టమ్‌ల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీలు బయటికొచ్చి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోవడం పాత కథే. ఆ రోజుకు యాక్టివేట్ అవుతుంది. దుర్వినియోగం అవుతోందని తెలిశాక కంపెనీ ఆ కీని ఆపేస్తుంది. కేఎంఎస్ అనే మరో పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది. ఆలోగా లైసెన్సు తీసుకున్న సంస్థ సర్వర్‌తో మళ్లీ మాట్లాడాలి. ఆ సర్వర్ మీ ఇంట్లో ఉండదు కదా. ఇందాకటి చిన్న కిటికీలో, సొంతంగా కొన్న మీ సిస్టమ్‌లో వాల్యూమ్ అని కనిపిస్తే, మీకు అమ్మినవారిని అడగాల్సిన సమయం వచ్చిందన్నమాట.

లైసెన్సు తాళం విరగ్గొట్టే క్రాకు సంగతి ఇంకా కష్టం. క్రాకు నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటికి కాపలా ఉన్నవాణ్ణి పంపించేసి, ముక్కూమొహం తెలియనివాడికి తలుపు తీయడం లాంటిది అది. ఫైళ్లన్నింటికీ తాళం వేసి డబ్బడిగే స్టాప్ జావూ అనే ర్యాన్సమ్‌వేర్ పాకింది ముఖ్యంగా ఇలాంటి క్రాకులు, కీ తయారుచేసే ప్రోగ్రాముల ద్వారానే. లైసెన్సు డబ్బు మిగిలిందనుకుంటాం. పదేళ్ల ఖాతాలు, పిల్లల ఫొటోలు పోతాయి.

చట్టం కూడా చూసీచూడనట్టు ఊరుకోదు. కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికో లాభానికో కాకుండా వాడినట్టు తేలితే జైలు లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. చట్టం ఇంటిని, కొట్టును వేరుగా చూస్తోందని గమనించండి. గల్లాపెట్టె ఉన్న చోట బాధ్యత ఎక్కువ.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. తూకంలో ఒక్క గ్రాము తేడా రానివ్వని వ్యాపారులు నాకు తెలుసు. అలాంటివారే సిస్టమ్ దగ్గరికొచ్చేసరికి "అందరూ అలాగే వేస్తారండీ" అంటారు. ప్రోగ్రాము రాసినవారు కంటికి కనబడరు కాబట్టి అలా అనగలుగుతున్నారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో రాత్రింబవళ్లు కూర్చుని ప్రోగ్రాములు రాసేవారిలో మన ఇళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల కష్టం కూడా కష్టమే.

డబ్బు లేకపోతే దారి లేదా?

ఉంది, మర్యాదైన దారే ఉంది. లెక్కపెట్టని లైసెన్సులు కూడా ఉన్నాయి. రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నుంచి 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. ఎన్ని సిస్టమ్‌లలోనైనా వేసుకోండి, ఎంతమందికైనా ఇవ్వండి, ఏ పనికైనా వాడండి అంటుంది అది. మార్చి పంచితే మాత్రం అదే స్వేచ్ఛను అవతలివారికీ ఇవ్వమంటుంది.

ఆ బాటలో వచ్చినవి మన అవసరాల్లో చాలావాటికి సరిపోతాయి. ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రెఆఫీస్, ఫొటోలకు గింప్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, పేజీలు కట్టడానికి స్క్రైబస్, జిప్ ఫైళ్లకు సెవెన్‌జిప్. విండోసే వద్దనుకుంటే ఉబుంటు, లినక్స్ మింట్ ఉన్నాయి. బడిలో ముప్పై సిస్టమ్‌లున్నా, కొట్లో మూడున్నా, లైసెన్సు లెక్క పెట్టుకునే పనే లేదు.

తెలుగు అక్షరాలతో పనిచేసే డీటీపీ సెంటర్లవాళ్లకు ఒక మాట. ఫాంటుకూ లైసెన్సు ఉంటుంది, ఒక సిస్టమ్‌కు కొన్న ఫాంటు ఫైలును పక్క సిస్టమ్‌లోకి కాపీ చేయడం కూడా గట్టు దాటడమే. మండలి, గిడుగు, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు మాత్రం ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉన్నాయి. శుభలేఖకైనా, పుస్తకానికైనా, ఎన్ని సిస్టమ్‌లలోనైనా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఒక నోటుబుక్ తీసుకోండి. లైసెన్సు వివరాలు సిస్టమ్‌లోనే దాచుకుంటే, సిస్టమ్ పోయిన రోజున అవి కూడా పోతాయి. కాబట్టి కాగితమే మంచిది. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పేజీ ఇవ్వండి. పేజీలో ఆరు వరసలు రాయండి.

ప్రోగ్రాము పేరు, కొన్న తేదీ.
సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసిన ఈమెయిల్.
లెక్కపెట్టేది యంత్రాన్నా, మనిషినా, ఏకకాలాన్నా, చోటునా?
ఎన్నింటికి అనుమతి ఉంది, ఇప్పుడు ఏయే సిస్టమ్‌లలో ఉంది?
ఇంటి పనికా, వ్యాపారానికా?
గడువు ఎప్పటి దాకా, వెనక్కి ఇచ్చే పద్ధతి ఏమిటి?

బిల్లు ఆ పేజీకే పిన్ను చేయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో రాయకండి. మూడో వరస నింపడానికి ఎక్కడైనా తడుముకుంటే, ఆ ప్రోగ్రాము లైసెన్సు షరతులు తెరిచి 'కంప్యూటర్', 'యూజర్', 'డివైస్' అనే మాటల కోసం వెతకండి. అంకెలన్నీ వాటి పక్కనే ఉంటాయి. పాతిక పేజీల షరతుల్లో ముందుగా చదవాల్సింది ఆ మాటలున్న పేరాలే. లెక్క సరిపోలేదని తేలితే ఆ వారంలోనే సరిచేసుకోండి. ఒకటి తీసేయడమో, ఒకటి కొనడమో, ఉచితమైనదానికి మారడమో చేయాలి.

మొన్న బాబాయ్ కొట్లో మళ్లీ సిస్టమ్ మార్చాం. ఈసారి నేను వెళ్లేసరికి నోటుబుక్ బల్ల మీద తెరిచి ఉంది. తేదీ 5. రిటర్నుకు ఇంకా పదిహేను రోజులుంది. నేను పాతదాని ముందు కూర్చోగానే కళ్లజోడు సర్దుకుని, నాలుగో వరస మీద వేలు పెట్టి అడిగారు. "ముందు సరెండర్ చేశావా?"

చేసి, తెర ఆయనవైపు తిప్పి చూపించాను. చూశాక, ఆ వరసలో పాత సిస్టమ్ పేరు కొట్టేసి, పక్కన కొత్తదాని పేరు ఆయనే రాశారు.